నూకరత్నం అనుభవ పరిధి

మైలపల్లి నూకరత్నం మునిసిపల్ హైస్కూల్లో లెక్కల టీచరు. పుట్టింది విశాఖపట్నంలో, సముద్రం ఒడ్డునున్న జాలరిపేటలో. ఎండుచేపలమ్మే ఆడవాళ్ళ మీద ఆమె రాసిన కథలు పుస్తకంగా వచ్చినప్పుడు మంచి పేరొచ్చింది. అంతకుముందు ఆ పేట గురించి రాసినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళలో ఒక పెద్దాయన నవలలో కథానాయిక ఇసకలో చేపలు ఎండబెట్టి, అవి వాడిపోకుండా గంటకోసారి నీళ్ళు చల్లుతూ కన్నీరు కారుస్తుంది. ఆ నవలకి బహుమతి కూడా వచ్చింది.

ఒక సాహిత్య సభలో నూకరత్నం ఆ సంగతి ఎత్తింది. "మా గురించి రాయొద్దనడం లేదండి. రాసేముందు మా గుమ్మంలో కాసేపు కూర్చోండి. మేమూ రాస్తున్నాం, మాకూ కాస్త చోటివ్వండి" అంది.

జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టినవారు ముందు వరసలో ఉన్న విశ్వంభరరావుగారు.

విశ్వంభరరావుగారు సర్వీసంతా తూనికలు కొలతల శాఖలో చేసి, రిటైరయ్యాక సాహిత్యం వైపు వచ్చారు. ప్రభుత్వంలో తెలిసినవాళ్ళున్నారు. నూకరత్నం మాట ఆయన మనసులో బాగా నాటుకుంది. కొద్ది రోజుల్లోనే రాష్ట్ర రచనానుభవ నిర్ధారణ మండలి ఏర్పాటైంది. ఆయనే అధ్యక్షులు. తప్పుడు తూకాల వాళ్ళని పట్టుకున్న చేత్తోనే తప్పుడు అనుభవాల వాళ్ళనీ పట్టుకుంటానని పత్రికలవారికి చెప్పారు. ఇకమీదట ఏ రచయితా తాను స్వయంగా అనుభవించనిది రాయకూడదు. మండలి ముద్ర లేని పుస్తకాన్ని గ్రంథాలయాలు కొనవు, బహుమతులకి పరిశీలించరు. అలాంటి పుస్తకం అచ్చువేసిన ప్రెస్సుకి లైసెన్సు ఊడుతుంది.

మొదట్లో చాలామంది సంతోషించారు. పక్క రచయితకి ముద్ర పడదని ఎవరికి వారు అనుకోవడమే ఆ సంతోషానికి కారణం.

తర్వాత ఒక్కొక్కరినీ పిలవడం మొదలైంది. ఆకలి మీద కవిత్వం రాసే ఒక భూస్వామిగారిని మండలి ఆఫీసులో కూర్చోబెట్టి, గుమాస్తా పర్యవేక్షణలో పస్తు ఉంచారు. మధ్యాహ్నానికి ఆయన కవిత్వం మానేస్తున్నట్టు రాసిచ్చి భోజనానికి వెళ్ళిపోయారు. విరహగీతాలకి పేరుపడ్డ ఒక కవిగారి దగ్గర భార్యతో కలిసి దిగిన ఫొటోలు తప్ప విరహానికి ఆధారమేమీ దొరకలేదు. అందుకని ఆవిణ్ణి ఒక ఋతువు పాటు పుట్టింట్లో ఉండమని మండలి ఆదేశించింది. ఆవిడ ఆదేశం చేతికందిన రోజే బయల్దేరింది. ఋతువు మారినా రాలేదు. కవిగారికి ఇప్పుడు అనుభవం పుష్కలంగా ఉందిగానీ, వంటా అంట్లూ అయ్యేసరికి గీతాలు రాసే తీరిక ఉండటం లేదు. దెయ్యాల కథలు రాసే ఒకాయన దరఖాస్తు మీద, 'మరణానంతరం వారసుల ద్వారా సమర్పించవలెను' అని రాసి పంపేశారు.

ఇవన్నీ విని నూకరత్నం నవ్వుకునేది. మన పుస్తకానికి మనల్ని ఎవరేమంటారులే అనుకుంది. అప్పటికి ఆమె చేతిలో ఒక నవల ఉంది.

ఆ నవల పుట్టింది వంటింటి కిటికీలోంచి. ఒకరోజు పొద్దున్న ఎదుటి అపార్టుమెంటులో ఒక ముసలాయన పొయ్యి ముందు నిలబడి కనిపించాడు. చేతిలో లైటరు. దాన్ని ఎటు తిప్పి నొక్కాలో తెలియక అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. చివరికి దాన్ని గట్టు మీద పెట్టేసి, నీళ్ళు తాగి లోపలికి వెళ్ళిపోయాడు. ఆయనెవరో ఆమెకి తెలీదు. మళ్ళీ కనబడలేదు కూడా. కానీ బళ్ళో పిల్లలకి త్రిభుజాలు గీస్తున్నా ఆ లైటరే గుర్తొచ్చేది. ఆయన రిటైరైన జడ్జి అనుకుంది. భార్య ఈమధ్యే పోయిందనుకుంది. ఎన్నో తీర్పులు చెప్పిన మనిషి కాఫీ పెట్టుకోవడం నేర్చుకోవడమే కథ. జడ్జిగారు, వంట నేర్పే అప్పలనరస, ఎవరి మాటా వినని ఒక పిల్లి. అంతే నవల. రాస్తున్నంతకాలం ఆమె ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పూర్తయ్యాక, తన చేతిమీదుగా ఇంతకంటే మంచిది రాదనిపించింది.

నవల మండలికి పంపింది. పిలుపొచ్చింది. వరండాలో బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాక లోపలికి రమ్మన్నారు.

"రండి నూకరత్నంగారూ, కూర్చోండి," అన్నారు విశ్వంభరరావుగారు. "తమరు మాకు స్ఫూర్తి. ఆనాడు సభలో తమరు సెలవిచ్చిన మాటే ఈ మండలికి పునాదిరాయి. అందుచేత తమకి శ్రమ లేకుండా తమరి అనుభవ పరిధిని మేమే నిర్ణయించి పెట్టాం. జోగారావుగారూ, చదవండి."

కార్యదర్శి జోగారావు గొంతు సవరించుకున్నాడు. "సముద్రం. చేపలు. పేదరికం. తుఫాను. ఇతరములు, లేవు."

"నేను లెక్కల టీచర్నండి," అంది నూకరత్నం.

"లెక్కలు తమరి పరిధిలోకి రావు."

"రోజూ చెప్పేది అదేనండి."

"అది వృత్తి. మండలి చూసేది అనుభవం."

"సముద్రం మీదికి నేను వెళ్ళలేదండి. చిన్నప్పుడోసారి పడవెక్కితే వాంతులయ్యాయి. మా నాన్న మళ్ళీ ఎక్కనివ్వలేదు."

"సదరు వాంతుల్ని రాయవచ్చు," అన్నారు విశ్వంభరరావుగారు ఉదారంగా. తర్వాత గొంతు తగ్గించి, "తమరి తండ్రిగారు... తుఫానులోనా?" అని అడిగారు.

"కాదండి. కామెర్లు. పెద్దాస్పత్రిలో పోయారు."

అధ్యక్షులవారి మొహం వాడిపోయింది. చాలాసేపటివరకూ తేరుకోలేకపోయారు. తేరుకుని నవల కట్ట ముందుకి లాక్కున్నారు.

"ఇక ప్రస్తుత రచన. ఇందులో కథానాయకుడికి భార్య పోయింది. తమకి భార్య పోయిందా?"

"లేదండి."

"న్యాయస్థానంలో ఎప్పుడైనా పనిచేశారా?"

"ఇంటిపేరు తప్పు పడితే దిద్దించుకోడానికి ఒకసారి కోర్టు మెట్లెక్కానండి."

"ఎక్కి?"

"ఆఫీసరు సెలవన్నారు. దిగిపోయాను."

"పోనీ, కోర్టు మెట్లు తమరి పరిధిలో చేరుస్తాం. రాసుకోండి జోగారావుగారూ, మెట్లు."

"ఎక్కడమాండి, దిగడమాండి?" అని అడిగాడు జోగారావు.

"రెండూ ఇవ్వండి. మన రచయిత్రి."

నూకరత్నానికి చెవులు వేడెక్కాయి. "సార్, ఆ రోజు నేనడిగింది మాకూ చోటివ్వమని. ఆ చోట్లోంచి కదలొద్దని కాదు. మా పేటవాళ్ళకి జడ్జిగారి గురించి ఆలోచించే హక్కు లేదాండి? మా గురించి ఆయన తీర్పులు రాయొచ్చు గానీ, ఆయన గురించి నేను కథ రాయకూడదా?"

విశ్వంభరరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తమరు చెబుతున్న తేడా చాలా సూక్ష్మమైనది. మండలి స్థూల విషయాలు మాత్రమే పరిశీలిస్తుంది," అన్నారు. "అయినా నిరాశ వద్దు. తమరి వంటివారి కోసమే పాత్రలవారీ రచనా పథకం తెస్తున్నాం. ఏ పాత్రని ఆ పాత్ర అనుభవమున్నవారే రాస్తారు. తమరు సమన్వయం చేయవచ్చు."

అట్నుంచి పేటలో పుట్టింటికి వెళ్ళేసరికి తల్లి పోలమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. చదువు రాని మనిషే గానీ కూతురు రాసిందల్లా చదివించుకుని వింటుంది.

"ఏటంతన్నారే ఆ బాబులు?" అని అడిగింది.

"సముద్రం గురించే రాయమంటున్నారమ్మా."

"సముద్రం మీదేటుందే రాయడానికి? నీళ్ళు," అంది పోలమ్మ. "మీ అయ్య బతికున్నన్నాళ్ళూ దాని మాటే విన్నాను. ఇంకో మాటేదైనా సెప్పు నాకు."

పథకం అమల్లోకి వచ్చింది. అప్పలనరస పాత్రకి ఒక హాస్టలు వంటమనిషిని నియమించారు. ఆవిడ, "నాను వండుతాను గానీ రాయనండి," అని చెప్పేసి వెళ్ళిపోయింది. ఆవిడ బదులు వంట రాని ఒక గృహవిజ్ఞాన అధ్యాపకురాలు ఆ భాగాలు పోషక విలువలతో సహా రాసిచ్చింది. పిల్లి విషయం పశుసంవర్ధక శాఖకి వెళ్ళింది. పిల్లి ఇష్టాయిష్టాల గురించి తమ వద్ద సమాచారం లేదనీ, టీకాల గురించైతే ఇవ్వగలమనీ వాళ్ళు జవాబిచ్చారు. చనిపోయిన భార్య జ్ఞాపకాలు ఎవరు రాయాలన్న దాని మీద మండలి పొద్దంతా చర్చించింది. అర్హులెవరూ దరఖాస్తు చేసుకునే స్థితిలో లేనందున, ఆ పేజీలు ఖాళీగా వదలాలని తీర్మానించింది. నవలలో సగం ఆవిడ జ్ఞాపకాలే.

జడ్జి పాత్రని సదాశివమూర్తిగారికి అప్పగించారు. ఆయన నిజంగానే రిటైరైన జిల్లా జడ్జి. భార్య పోయి మూడేళ్ళయింది. అన్ని అర్హతలూ ఉన్నాయి. నవల కట్ట ఆయనకి చేరింది.

కబురొస్తే నూకరత్నం ఆయన ఇంటికి వెళ్ళింది. తన జడ్జిగారిని ఈయన ఏం చేసేశాడోనని దారి పొడుగునా గుబులుగానే ఉంది. తలుపు ఆయనే తీశారు. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. టీపాయి మీద నవల ఉంది. పక్కన తెల్లకాగితాలు. వాటి మీద ఒక్క అక్షరం లేదు.

"కూర్చోండమ్మా," అన్నారాయన. "ఆ మాత్రల అధ్యాయం గురించి అడుగుదామని పిలిచాను."

నూకరత్నం నవలలో జడ్జిగారు మందుల షాపుకి వెళతాడు. షాపాయన అలవాటు ప్రకారం ఆయన షుగరు మాత్రలతోపాటు భార్య బీపీ మాత్రలు కూడా పొట్లం కడతాడు. ఆవిడ లేదని చెప్పడానికి జడ్జిగారికి నోరు రాదు. తీసుకుని వచ్చేస్తాడు. మరుసటి నెలా అంతే. అలా వచ్చిన మాత్రలన్నీ ఆవిడ డ్రాయరులోనే పెడుతుంటాడు.

"ఇది మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి."

"మీ ఇంట్లో ఎవరికైనా జరిగిందా?"

"లేదండి. ఆయన ఆ షాపుకి వెళితే ఏం జరుగుతుందా అని ఆలోచించాను. అంతే."

"నాకూ జరగలేదు," అన్నారు సదాశివమూర్తిగారు. "మా ఆవిడ పోయిన వారానికే షాపుకి ఫోన్ చేసి ఆ మాత్రలు ఆపేయమని చెప్పాను. మర్యాదగా, క్లుప్తంగా చెప్పాను. ఆ పని పూర్తయిందని డైరీలో టిక్కు కూడా పెట్టాను." ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "ఇది చదివాక అనిపించిందమ్మా, ఫోన్ చేయకుండా ఉండాల్సింది. ఇంకొన్నాళ్ళు తెచ్చుకోవాల్సింది."

ఆయన ఏడుస్తున్నారని నూకరత్నానికి వెంటనే తెలియలేదు. అంత నిటారుగా కూర్చున్నారు. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తెచ్చిచ్చింది.

ఆ వారమే సదాశివమూర్తిగారు మండలికి తన అభిప్రాయం పంపారు. 'ఈ పాత్రను నేను రాయలేను. నాకు జరిగినది నాకు తెలుసు. నాకు జరిగినదాని అర్థం ఈ రచయిత్రికి తెలుసు. యథాతథంగా ప్రచురించడానికి అనుమతించవలెను.'

మండలి దాన్ని తోసిపుచ్చింది. కారణం స్పష్టంగానే పేర్కొంది. 'న్యాయమూర్తిగారి కన్నీరు సదరు అధ్యాయం చదివిన మీదట సంభవించినందున, అది అనుభవం కింద రాదు. చదువు కింద వచ్చును.'

నూకరత్నం బడి అయిపోయాక తిన్నగా సదాశివమూర్తిగారి ఇంటికి వెళ్ళింది. "ఇంక రాయనండి. పిల్లలకి లెక్కలు చెప్పుకుంటాను. అవీ నా పరిధిలో లేవుట గానీ, ఆ సంగతి బళ్ళో ఇంకా తెలీదు," అంది.

ఆయన మండలి నిబంధనలు తెప్పించుకుని చదువుతున్నారు. సర్వీసులో ఉన్నప్పటి అలవాటు కాబోలు, పక్కన పెన్సిలుతో గీతలు కూడా పెట్టారు. "రచయిత స్వయంగా అనుభవించినదేదైనా రాయవచ్చు అని ఉందమ్మా ఇందులో. మినహాయింపులు లేవు," అన్నారు. "ఇన్నాళ్ళూ మీరు ఆ మండలి చుట్టూ తిరిగారు గదా. అది మీ అనుభవం కాక ఎవరిది?"

నూకరత్నం ఆయన మొహంలోకి చూసింది. ఆయన నవ్వడం లేదు. జడ్జిలకి నవ్వు కూడా లోపలే ఉంటుందని తర్వాత ఆమె అనేది.

సెలవుల్లో కూర్చుని రాసింది. వరండాలో బెంచీ, ఫ్యాను కింద జోగారావు, పస్తున్న భూస్వామిగారు, పుట్టింట్లో హాయిగా ఉన్న కవిపత్ని, టీకాల పిల్లి, అన్నీ ఉన్నాయి. వెక్కిరింత ఎక్కడా లేదు. చూసింది చూసినట్టు, బెంచీ మీద విన్నది విన్నట్టు పెట్టింది. మండలి మీద నవలని తెలిసి విశ్వంభరరావుగారు పొంగిపోయారు.

"మొత్తానికి తమరు పరిధిలోకి వచ్చారు! చాలా సంతోషం. అయితే ఒక చిక్కు. ఇందులో అధ్యక్షులవారి పాత్ర ఉంది. ఆయన అంతరంగం తమకెలా తెలుస్తుంది?"

"తెలీదండి," అంది నూకరత్నం. "నిబంధన ప్రకారం ఆ భాగాలు తమరే రాయాలి. ఖాళీ వదిలాను."

విశ్వంభరరావుగారు ఆ ఖాళీ పేజీలు దగ్గరికి లాక్కున్నారు. ఇలాంటి రోజు కోసమే తాను సాహిత్యంలోకి వచ్చానన్న సంగతి ఆయనకి అప్పుడు అర్థమైంది. సెలవు పెట్టి, ఇంటి నుంచి ఫ్లాస్కుతో టీ తెప్పించుకుని రాశారు. మామూలు ఖాళీ చాలక అదనపు కాగితాలు జతచేశారు. నూకరత్నం అందులో ఒక్క కామా కూడా ముట్టుకోలేదు. ముద్ర పడింది. మండలి చరిత్రలో ఒక నవలకి పూర్తిగా పడిన మొదటి ముద్ర అదే.

ఆవిష్కరణ సభకి హాలు నిండిపోయింది. మండలి పిలిచి తిప్పించిన రచయితలందరూ వచ్చారు. విరహకవి కూడా చేతికి పసుపు మరకలతో వచ్చాడు. విశ్వంభరరావుగారు తన అధ్యాయాన్ని తానే చదువుతానన్నారు. మైకు ముందు నిలబడి గంభీరంగా మొదలుపెట్టారు.

"'అధ్యక్షులవారు తమ ఆసనం అలంకరించిరి. ఆ ముఖంలోని తేజస్సుకి తాళలేక పైనున్న ఫ్యాను సైతం వేగము తగ్గించుకున్నది. మానవజాతి ఎటు పోవుచున్నది అని ఆయన తనలో తాను ప్రశ్నించుకొని, సదరు ప్రశ్నను తదుపరి సమావేశమునకు వాయిదా వేసిరి...'"

వెనక వరసలో ఎవరో ఖళ్ళున నవ్వారు. ఆయన ఆగి, మళ్ళీ చదివారు. "'ఆయన కన్నులు చెమర్చెను. తక్షణమే వాటిని ఆరబెట్టించిరి.'" ఈసారి హాలు హాలంతా ఒక్కసారి నవ్వింది. భూస్వామిగారు పొట్ట పట్టుకుని కుర్చీలో వెనక్కి వాలిపోయారు. విశ్వంభరరావుగారు పేజీ తిప్పేకొద్దీ నవ్వు పెరిగిందే తప్ప తగ్గలేదు. ఆయన మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, "ఏమిటిది జోగారావుగారూ? ఇందులో నవ్వడానికేముంది?" అని అడిగారు.

జోగారావు హాలంతా ఓసారి కలయజూశాడు. "వీళ్ళందరూ మన బెంచీ మీద కూర్చున్నోళ్ళేనండి," అన్నాడు. "అనుభవం ఉంది."

పుస్తకం ఆర్నెల్లు తిరక్కుండా మళ్ళీ అచ్చయింది. మంత్రిగారింట్లో కూడా చదివి నవ్వారని వినికిడి. ఆ తర్వాత మండలికి నిధులు రావడం తగ్గి, గది తగ్గి, చివరికి జోగారావుని సొంత శాఖకి వెనక్కి పిలిచారు. రద్దు చేస్తున్నట్టు ఎవరూ ప్రకటించలేదు. ఒకరోజు వెళ్ళి చూస్తే తలుపుకి తాళం వేసి ఉంది, అంతే. విశ్వంభరరావుగారు హాస్య రచయితగా స్థిరపడ్డారు. ఇప్పుడాయన నవ్వించడం కోసమే రాస్తున్నారు గానీ, ఎవరికీ నవ్వు రావడం లేదు.

జడ్జిగారి నవల ముద్ర లేకుండానే, ఖాళీలు లేకుండానే వచ్చింది. మొదటి ప్రతి నూకరత్నం సదాశివమూర్తిగారికి ఇచ్చింది. రెండోది తీసుకుని పేటలో తల్లి దగ్గరికి వెళ్ళింది.

పోలమ్మ గోడకి చేరగిలబడి కాళ్ళు చాపుకుని వింది. లైటరు దగ్గర నవ్వింది. పిల్లిని తిట్టింది. మాత్రల అధ్యాయం వచ్చేసరికి కాళ్ళు ముడుచుకుంది. జడ్జిగారు పొట్లం చేత్తో పట్టుకుని ఇంటికొచ్చి, డ్రాయరు తెరిచి, మూసి, దీపం వేసుకోకుండా మంచం మీద కూర్చోవడంతో అధ్యాయం అయిపోయింది. నూకరత్నం పుస్తకం మూసింది.

"మరి ఆ పూట ఆ బాబుకి కూడెవులెట్టారే?" అని అడిగింది పోలమ్మ.

"ఎవరూ పెట్టలేదమ్మా. అసలాయనే లేరు. అది కథ."

పోలమ్మ కూతురి వంక చిరాగ్గా చూసింది.

"కథయితే ఆకలెయ్యదేటి?" అంది.